డేటా బైండింగ్ ప్లగిన్లు: ఎవరిని అడిగారు, ఏం విన్నారు

వెబ్ పేజీలో పేరు రాసే గడి ఒకటి ఉంటుంది. అదే పేరు పేజీ పైన పలకరింపులోనూ, కింద రసీదులోనూ కనిపిస్తుంది. ప్రోగ్రాం లోపల మాత్రం ఆ పేరు ఒక్క ఆబ్జెక్టులోనే ఉంటుంది. గడిలో అక్షరం మారగానే ఆబ్జెక్టు మారాలి. ఆబ్జెక్టు మారగానే పేజీలో ఆ పేరున్న ప్రతిచోటా మారాలి. ఈ పనిని ప్రతి పేజీకీ మళ్లీ మళ్లీ రాసుకోకుండా ఒకసారి ముడివేసి వదిలేయడమే డేటా బైండింగ్. చెప్పుకోడానికి చిన్న పనే. అయినా దీనికోసం వచ్చిన జావాస్క్రిప్ట్ ప్లగిన్లకూ లైబ్రరీలకూ లెక్క లేదు. వాటిని తయారుచేసినవాళ్లలో చాలామంది, విడుదలకు ముందో తర్వాతో, తోటి డెవలపర్లను ఒకే మాట అడిగారు: వాడి చూసి ఎలా ఉందో చెప్పండి.

అలా అడిగినప్పుడు ఏ జవాబులు వచ్చాయి, వాటిలో ఏవి ప్లగిన్‌ను నిజంగా మార్చాయి అన్నది ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. బైండింగ్ పనిముట్లను బాగుచేసిన సూచనల్లో ఎక్కువ భాగం, తమ సొంత పేజీలో వాటిని నడిపి ఎక్కడ తెగిందో కళ్లారా చూసినవాళ్ల నుంచి వచ్చాయి. తర్వాత మార్చడానికి వీలులేని సంగతులను ముందుగా అడిగినవాళ్ల పనిముట్లే నిలబడ్డాయి. పేర్ల గురించీ గుర్తుల గురించీ ఎంత చర్చ జరిగినా దాని ఫలితం తక్కువ.

బైండింగ్ ఆలోచన పాతదే. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లోనే హెచ్‌టీఎంఎల్ ట్యాగులో డేటా మూలాన్నీ ఫీల్డు పేరునూ రాస్తే పట్టిక దానంతటదే నిండే ఏర్పాటు ఉండేది. అది ఒక్క బ్రౌజర్‌కే పరిమితమై అక్కడే ఆగిపోయింది. 2006లో జాన్ రెసిగ్ జేక్వెరీని విడుదల చేశాక పరిస్థితి మారింది. ఎవరైనా పది లైన్ల కోడ్ రాసి జేక్వెరీకి ప్లగిన్‌గా తగిలించవచ్చు. ప్లగిన్ రాయడం తేలికైంది కాబట్టి, దాన్ని నలుగురి ముందు పెట్టి బాగోగులు అడగడమూ అలవాటైంది.

ఈ అలవాటుకు మంచి ఉదాహరణ 2010లో దొరుకుతుంది. ఆ ఏడాది మార్చిలో లాస్ వేగస్‌లో జరిగిన మిక్స్ సదస్సులో, జేక్వెరీకి తాము కూడా కోడ్ అందిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మొదట టెంప్లేట్ల ప్రతిపాదన, తర్వాత డేటా లింక్ అనే బైండింగ్ ప్లగిన్ ప్రతిపాదన జేక్వెరీ సమాజం ముందుకు వచ్చాయి. ఇంకా మార్చడానికి వీలున్న దశలోనే, నమూనా కోడ్‌తో సహా, తప్పులు చెప్పమని అడిగారు. అంత పెద్ద కంపెనీ ఆ రోజుల్లో బయటి ఓపెన్ సోర్స్ సమాజం దగ్గరికి ఇలా రావడం విశేషమే. టెంప్లేట్ల విషయంలో రెసిగ్ స్వయంగా కోడ్‌ను తన దగ్గర మార్చి చూపించాడు. రెండు నమూనాల మధ్య చర్చ నడిచి చివరికి ఒకటి తేలింది. డేటా లింక్‌లో మొదట ఒకవైపుకు ఒక ఫంక్షను, రెండోవైపుకు ఇంకొకటి, రెండు వైపులకూ మరొకటి ఉండేవి. అవి పోయి, ఫారం మొత్తాన్ని ఒక ఆబ్జెక్టుకు కట్టే ఒకే పిలుపు వచ్చింది. 2010 అక్టోబరులో టెంప్లేట్లు, డేటా లింక్, గ్లోబలైజేషన్ అనే మూడూ అధికారిక జేక్వెరీ ప్లగిన్లయ్యాయి.

ఇంతవరకు చదివితే అంతా సవ్యంగా జరిగిందనిపిస్తుంది. కానీ 2011 వచ్చేసరికి టెంప్లేట్ల ప్లగిన్ బీటా దశ దాటదని తేలిపోయింది. దాన్ని నడిపిన బోరిస్ మూర్ జేఎస్‌రెండర్, జేఎస్‌వ్యూస్ అనే కొత్త లైబ్రరీలు మొదలుపెట్టాడు. డేటా లింక్ కూడా అక్కడితో ఆగింది. మూడింటిలో బతికి బట్టకట్టింది గ్లోబలైజేషన్ ప్లగిన్ ఒక్కటే.

అంత చర్చ జరిగాక కూడా ఎందుకిలా అయింది? నా లెక్కలో జవాబు ఇది. చర్చ ఎక్కువగా ఫంక్షను పేర్ల మీద, టెంప్లేట్‌లో రాసే గుర్తుల మీద సాగింది. పునాదిలో ఉన్న రెండు ప్రశ్నలకు తగినంత సమయం దక్కలేదు. టెంప్లేట్ ఇచ్చేది డామ్ నోడ్లా, అంటే బ్రౌజర్ పేజీలోని భాగాలా, ఉత్త స్ట్రింగా? నోడ్లయితే బ్రౌజర్ లేనిచోట పనికిరాదు, పెద్ద జాబితాల దగ్గర నెమ్మదిస్తుంది. జేఎస్‌రెండర్ స్ట్రింగుల దారి పట్టింది అందుకే. రెండో ప్రశ్న మరీ ముఖ్యం: ఆబ్జెక్టు మారిన సంగతి ప్లగిన్‌కు ఎలా తెలుస్తుంది? మామూలు ఆబ్జెక్టులో విలువ మారితే చెప్పే ఏర్పాటు అప్పటి జావాస్క్రిప్ట్‌లో అన్ని బ్రౌజర్లలోనూ ఉండేది కాదు. కాబట్టి డేటా లింక్ వాడేవాళ్లు విలువను నేరుగా మార్చకూడదు, ప్లగిన్ ఇచ్చిన ఫంక్షను ద్వారానే మార్చాలి. ఎవరో ఒకరు మరిచిపోయి నేరుగా మార్చారనుకోండి, పేజీ నిశ్శబ్దంగా పాత విలువనే చూపిస్తూ ఉంటుంది. పెద్ద జట్టులో అలాంటి లోపాన్ని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో పని చేసినవాళ్లకు తెలుసు.

అదే 2010లో, జులైలో, స్టీవ్ శాండర్సన్ నాకౌట్ అనే బైండింగ్ లైబ్రరీని విడుదల చేశాడు. వెనుక కంపెనీ హడావిడి లేదు. కానీ విలువ మారిన సంగతి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు అతను మొదటి రోజే జవాబు చెప్పాడు. ప్రతి విలువా ఒక అబ్జర్వబుల్, అంటే ఒక ఫంక్షను. చదవాలంటే పిలవాలి, మార్చాలంటే కొత్త విలువ ఇచ్చి పిలవాలి. ఏ లెక్క ఏ విలువ మీద ఆధారపడిందో లైబ్రరీయే గమనించుకుంటుంది. వాడినవాళ్లు వెంటనే ఫిర్యాదు చేశారు: ప్రతి పేరు తర్వాతా కుండలీకరణాలు పెట్టడం విసుగ్గా ఉంది, మరిచిపోతే విలువకు బదులు ఫంక్షను చేతికొస్తోంది అని. శాండర్సన్ ఆ ఫిర్యాదు విన్నాడు, పునాదిని మాత్రం కదిలించలేదు. 2013లో కుండలీకరణాల అవసరం తీసేసే ప్లగిన్‌ను విడిగా ఇచ్చాడు. కొత్త బ్రౌజర్లున్నవాళ్లు వాడుకున్నారు, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో నెట్టుకొచ్చేవాళ్లు పాత పద్ధతిలోనే ఉన్నారు. మార్చడానికి వీలున్నచోట వెనకాడలేదు కూడా. మొదట్లో నాకౌట్ టెంప్లేట్ల కోసం పైన చెప్పిన జేక్వెరీ ప్లగిన్‌నే ఆశ్రయించేది. 2011 డిసెంబరులో వచ్చిన 2.0లో ఆ ఆధారం అక్కర్లేకుండా పోయింది. నోరు తిరగని ఒక పేరు కూడా అప్పుడే చిన్నదైంది. పాత పేరుతో రాసిన కోడ్ ఆగిపోకుండా దాన్నీ ఉంచారు.

నాకౌట్ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది మైఖేల్ బెస్ట్ చేసిన పని. ఒక విలువ మారితే దాని మీద ఆధారపడిన లెక్కలన్నీ అక్కడికక్కడే మళ్లీ జరగడం నాకౌట్ పద్ధతి. మూడు విలువలు వరసగా మారితే ఒకే లెక్క మూడుసార్లు జరుగుతుంది, మధ్యలో అర్థంలేని విలువ కూడా ఒక్క క్షణం పేజీ మీదికి రావచ్చు. ఇది బాగాలేదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బెస్ట్ మాత్రం మార్పులన్నిటినీ పోగుచేసి చివర్లో ఒకేసారి జరిపే ప్లగిన్‌ను నాకౌట్ మీద రాసి చూపించాడు. జనం దాన్ని ఏళ్ల తరబడి అసలు పేజీల్లో వాడారు, ఎక్కడ ఇబ్బందో చెప్పారు. 2015లో వచ్చిన నాకౌట్ 3.4లో అది ఐచ్ఛిక సదుపాయంగా అసలు లైబ్రరీలోనే చేరింది. బెస్ట్ ఆ లైబ్రరీ బాధ్యులలో ఒకడయ్యాడు. ఒక ప్లగిన్ మీద ఇంకో ప్లగిన్ రాసి చూపడం కంటే స్పష్టమైన సూచన ఉండదు. ఏది కావాలో, అది సాధ్యమో కాదో, దాని వల్ల ఏం చెడుతుందో అన్నీ అందులోనే తెలుస్తాయి.

యాంగ్యులర్ జేఎస్‌లోనూ ఇదే జరిగింది. మిష్కో హెవెరీ 2009లో మొదలుపెట్టిన ఈ లైబ్రరీ గూగుల్ అండతో 2012లో 1.0 అయింది. దీని పద్ధతి వేరు. ఆబ్జెక్టులు మామూలు ఆబ్జెక్టులే, ఎవరూ ఏమీ పిలవక్కర్లేదు. ఏదైనా జరిగినప్పుడల్లా, ముడివేసిన విలువలన్నిటినీ పాత విలువలతో పోల్చి చూస్తుంది. మార్పులు ఆగేదాకా మళ్లీ మళ్లీ పోలుస్తుంది, పదిసార్లు తిరిగినా ఆగకపోతే తప్పు చూపించి నిలిచిపోతుంది. నేర్చుకోవడం తేలిక. అందుకే హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో ఎందరో తెలుగు డెవలపర్లు బైండింగ్ అంటే ఏమిటో దీనితోనే మొదటిసారి నేర్చుకున్నారు. అయితే పెద్ద పట్టికల్లో వేల ముడులు పడితే పేజీ బరువెక్కిపోయేది. చాలా విలువలు ఒకసారి చూపిస్తే చాలు, మళ్లీ మారవు. వాటిని కూడా ప్రతిసారీ పోల్చడం దండగ. ఈ ఇబ్బంది పడినవాళ్లలో ఒకరు, ఒక్కసారి చూపించి ముడి విప్పేసే బైండ్‌వన్స్ అనే ప్లగిన్ రాశారు. అది బాగా వ్యాపించింది. 2014 అక్టోబరులో వచ్చిన 1.3లో ఆ సదుపాయం రెండు కోలన్ల గుర్తుతో అసలు లైబ్రరీలోకి వచ్చింది.

భద్రత విషయంలో వచ్చిన స్పందన ఇంకోలా ఉంటుంది. బైండింగ్ ప్లగిన్ ప్రతి ఒక్కటీ బయటి నుంచి వచ్చిన సమాచారాన్ని పేజీలో పెడుతుంది. దాన్ని హెచ్‌టీఎంఎల్‌గా పెడితే, ఎవరో పేరు గడిలో రాసిన స్క్రిప్టు వేరొకరి బ్రౌజర్‌లో నడుస్తుంది. మామూలుగా వాడేవారికి ఇది తట్టదు, ఎందుకంటే పేజీ బాగానే కనిపిస్తుంది. యాంగ్యులర్ జేఎస్‌లో జంట మీసాల బ్రాకెట్లలో రాసిన వ్యక్తీకరణలు హద్దు దాటకుండా శాండ్‌బాక్స్ అనే కట్టడి ఉండేది. భద్రతా పరిశోధకులు దాన్ని పదేపదే ఛేదించారు. ఒక దారి మూస్తే ఇంకో దారి తీశారు. చివరికి 2016 డిసెంబరులో వచ్చిన 1.6లో ఆ శాండ్‌బాక్స్‌నే తీసేశారు. అది భద్రత కోసం ఉద్దేశించినది కాదని, ఉందన్న నమ్మకమే ప్రమాదమని బాధ్యులు తేల్చారు. పట్టు విడవని విమర్శకులు లేకపోతే ఆ నిర్ణయం వచ్చేది కాదు. బైండింగ్ ప్లగిన్ రాసేవాళ్లు పదిమంది మెచ్చుకునేవాళ్ల కంటే దాన్ని పగలగొట్టే ఒక్కరిని వెతుక్కోవడం మేలు.

అడగకుండా ప్రకటిస్తే ఏమవుతుందో కూడా యాంగ్యులరే చూపించింది. 2014 అక్టోబరులో పారిస్ సదస్సులో యాంగ్యులర్ 2 సంగతి చెబుతూ, జనం రోజూ వాడుతున్న కంట్రోలర్లు, స్కోపు వంటివన్నీ పోతున్నాయన్నారు. పాత కోడ్‌ను కొత్తదానికి ఎలా తీసుకెళ్లాలో అప్పుడు చెప్పలేదు. లక్షల లైన్ల కోడ్ చేతిలో ఉన్న కంపెనీలు హడలిపోయాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిపే ఏర్పాటు తర్వాత వచ్చినా, 2016 సెప్టెంబరులో యాంగ్యులర్ 2 విడుదలయ్యేలోగా చాలామంది రియాక్ట్ అనే మరో లైబ్రరీ వైపు వెళ్లిపోయారు. గృహప్రవేశం రోజున పిలిచి పునాది ఎలా ఉందని అడిగితే వచ్చినవాళ్లు ఏం చెప్పగలరు?

ఇలాంటి దెబ్బలను తప్పించేది లిఖితపూర్వక ప్రతిపాదనల పద్ధతి. ఎంబర్ అనే లైబ్రరీ 2014లోనే ఆర్ఎఫ్‌సీ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. ఏం మార్చాలనుకుంటున్నారో, ఎందుకో, వేరే దారులు ఏవో, నష్టాలేవో కోడ్ కలపకముందే రాసి అందరి ముందు పెట్టాలి. రియాక్ట్ కూడా తర్వాత దీన్ని అందుకుంది. 2018 అక్టోబరులో హుక్స్ అనే కొత్త పద్ధతిని ప్రతిపాదించినప్పుడు వెయ్యికి పైగా వ్యాఖ్యలు వచ్చాయి. డిజైన్ మొత్తంగా మారలేదు, 2019 ఫిబ్రవరిలో అలాగే విడుదలైంది. కానీ అభ్యంతరాలను పోగుచేసి, ఏది ఎందుకు ఒప్పుకోలేదో వివరంగా జవాబు రాశారు. మాట చెల్లకపోయినా ఎందుకు చెల్లలేదో తెలిస్తే మనిషి మళ్లీ సలహా ఇవ్వడానికి వస్తాడు. జవాబే రాకపోతే రెండోసారి నోరు విప్పడు.

వ్యూ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సమాజం మాట విని దారి మార్చుకున్న ఉదాహరణ అంతకంటే స్పష్టంగా నాకు కనబడలేదు. ఇవాన్ యూ 2014లో విడుదల చేసిన వ్యూ, సులువుగా ఉంటుందన్న పేరుతోనే పెరిగింది. 2019 జూన్‌లో ఫంక్షన్ల ఆధారంగా కాంపొనెంట్లు రాసే కొత్త పద్ధతిని ప్రతిపాదించారు. పాత పద్ధతి మెల్లగా పోతుందేమోనన్న అనుమానానికి ఆ పత్రంలో తావు ఉంది. జనం భగ్గుమన్నారు. నేర్చుకున్నదంతా వృథా అవుతుందన్నారు, ఇక వ్యూకీ రియాక్ట్‌కీ తేడా ఏముందన్నారు. ఆ కోపంలో కొంత అపార్థం ఉన్న మాట నిజం. కానీ ఆ అపార్థం పత్రం రాసిన తీరు వల్ల వచ్చింది, కాబట్టి అది కూడా పనికొచ్చే స్పందనే. పాత పద్ధతి ఎక్కడికీ పోదని, కొత్తది అదనం మాత్రమేనని స్పష్టం చేస్తూ పత్రాన్ని తిరగరాశారు. విలువలను చుట్టే ఫంక్షన్లకు పెట్టిన పేర్లు మార్చారు. అన్నిటికంటే తెలివైన పని ఇంకొకటి: వ్యూ 3 రాకముందే, వ్యూ 2 మీద ఈ పద్ధతిని ప్రయత్నించి చూసేందుకు విడిగా ఒక ప్లగిన్ అందుబాటులో ఉంచారు. కాగితం మీద వద్దన్నవాళ్లలో కొందరు వాడి చూసి మనసు మార్చుకున్నారు. కొందరు వాడి చూసి అసలైన లోపాలు చెప్పారు. 2020 సెప్టెంబరులో వ్యూ 3 వచ్చింది.

ఆ కొత్త పద్ధతిలో విలువను అందుకోవడానికి ప్రతిసారీ చుక్క పెట్టి ఒక మాట రాయాలి. నాకౌట్ కుండలీకరణాల విసుగే ఇక్కడ మళ్లీ వచ్చింది. దాన్ని తప్పించే సదుపాయాన్ని 2021లో ప్రయోగాత్మకంగా ఇచ్చారు. సుమారు రెండేళ్లు వాడాక తేలిందేమిటంటే, ఆ చిన్న గుర్తు పోతే ఏ విలువ గమనింపులో ఉందో ఏది మామూలుదో చదివేవారికి తెలియడం లేదు. పెద్ద ప్రాజెక్టుల్లో గందరగోళం పెరిగింది. 2023లో ఆ సదుపాయాన్ని విరమించుకుంటున్నామని ప్రకటించి, 3.4లో తీసేశారు. ఇష్టపడినవాళ్ల కోసం దాన్ని బయటి ప్లగిన్‌గా ఉంచారు. ప్రయోగం అని ముందే చెప్పి ఇచ్చారు గనుక వెనక్కి తీసుకోవడం సాధ్యమైంది. విసుగు కలిగించే ప్రతిదీ లోపం కాదని శాండర్సన్‌కు 2013లోనే తెలుసు. వ్యూ దాన్ని రెండేళ్ల వాడకం తర్వాత తేల్చుకుంది.

గుర్తుల చర్చకు విలువే లేదని నేననడం లేదు. 2023లో యాంగ్యులర్ జట్టు టెంప్లేట్లలో షరతులు, జాబితాలు రాసే కొత్త విధానాన్ని ప్రతిపాదించినప్పుడు మొదట హ్యాష్ గుర్తుతో రాయాలన్నారు. చర్చలో @ గుర్తు మేలన్న సూచన వచ్చింది. జట్టు రెండింటినీ జనం చేత చదివించి, అడిగి చూసింది, @ గెలిచింది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన యాంగ్యులర్ 17లో అలాగే వచ్చింది. ఇక్కడ కూడా గమనించాల్సింది, కేకలు లెక్కపెట్టకుండా చదివించి చూశారన్నదే.

బ్రౌజర్ స్థాయిలో జరిగిన ఒక కథ కూడా ఈ ప్రశ్నకు చెందినదే. ఆబ్జెక్టు మారితే జావాస్క్రిప్టే చెప్పాలన్న కోరికతో అబ్జెక్ట్ అబ్జర్వ్ అనే ప్రతిపాదన వచ్చింది. 2014లో క్రోమ్ 36లో అమల్లోకి కూడా వచ్చింది. అందరూ అడిగిందే అది. కానీ వచ్చేలోపు అడిగినవాళ్ల అవసరం మారిపోయింది. రియాక్ట్ ఒకే వైపు సాగే డేటా ప్రవాహాన్ని అలవాటు చేసింది, వేరే బ్రౌజర్లు దీన్ని తీసుకోలేదు. 2015 నవంబరులో ప్రతిపాదించినవాళ్లే దాన్ని ఉపసంహరించుకున్నారు. 2015 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరిన ప్రాక్సీ అనే సదుపాయం మీద తర్వాతి లైబ్రరీలు ఆధారపడ్డాయి, వ్యూ 3 గమనింపు వ్యవస్థ దాని మీదే నిలిచింది. ఇప్పుడు సిగ్నల్స్ పేరుతో నాకౌట్ నాటి ఆలోచననే జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి తెచ్చే ప్రయత్నం జరుగుతోంది. 2024 ఏప్రిల్‌లో అది తొలి దశకు చేరింది. యాంగ్యులర్, వ్యూ, స్వెల్ట్, సాలిడ్ వంటి లైబ్రరీలు రాసినవాళ్ల సలహాలతో దాన్ని రూపొందించారు. వివిధ లైబ్రరీలలో నమూనాలు కలిపి చూశాకే ముందుకు వెళ్తామని పత్రంలోనే రాసుకున్నారు. అబ్జెక్ట్ అబ్జర్వ్‌కు జరిగినది చూశాక ఆ జాగ్రత్త సబబే.

లెక్కల మాట ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. రిపోకు పడిన నక్షత్రాలు, ఎన్‌పీఎంలో వారానికి ఎన్ని డౌన్‌లోడ్లు అన్నవాటిని సమాజం అభిప్రాయంగా చూపడం పరిపాటి. నక్షత్రం వేసినవారు వాడి ఉండకపోవచ్చు. డౌన్‌లోడ్లలో చాలా భాగం ఆటోమేటిక్ బిల్డ్ యంత్రాలవి. పైగా అలాంటి రికార్డు శాశ్వతమనుకోవడమూ పొరపాటే. స్పామ్‌తో నిండిపోయిన జేక్వెరీ ప్లగిన్ల సైటును శుభ్రం చేయబోతే 2011 డిసెంబరులో దానిలోని సమాచారం పోయింది. 2013 జనవరిలో కొత్త జాబితాను మొదటి నుంచి మొదలుపెట్టారు. ప్లగిన్ మీద వచ్చిన మంచి విమర్శను రచయిత తన కోడ్ పక్కనే, పరీక్షల రూపంలో దాచుకోవడం మంచిదని అందుకే అంటాను. ఫిర్యాదు ఒక పరీక్షగా మారితే అది ఎప్పటికీ మరుగున పడదు.

ఇక ఎవరి మాట వినపడటం లేదన్న ప్రశ్న. మౌనం అర్ధాంగీకారం అన్న మాట ఇక్కడ చెల్లదు. చర్చలన్నీ ఇంగ్లీషులో జరుగుతాయి, పాల్గొనేవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతోనే పరీక్షిస్తారు. రెండువైపుల బైండింగ్ ప్రతి కీ నొక్కగానే విలువ మారుతుందన్న ఊహ మీద నిలిచింది. చైనీస్, జపనీస్, కొరియన్ టైపింగ్‌లో అక్షరం కూర్పు పూర్తయ్యేదాకా గడిలో ఉన్నది తాత్కాలికం. ఆ భాషల వాళ్లు గట్టిగా ఫిర్యాదు చేశారు కాబట్టి వ్యూ కూర్పు ముగిసేదాకా ఆగుతుంది. ఆ మాట దాని పత్రాల్లోనే రాసి ఉంది. యాంగ్యులర్‌లోనూ దీనికి ఏర్పాటు ఉంది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకునేవారికీ ఇలాంటి కూర్పే జరుగుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో కొట్టేవారికి జరగదు. ఒకే ఫారం ఇద్దరి దగ్గర రెండు విధాలుగా నడుస్తుంది. ఇది పరీక్షించేదెవరు?

అక్షరాల లెక్క ఇంకా తేటగా ఉంటుంది. లక్ష్మి అన్న పేరులో మనం రెండక్షరాలు చదువుతాం. జావాస్క్రిప్ట్ పొడవు అడిగితే ఏడు అంటుంది. పది అక్షరాల పరిమితి పెట్టి గడిని బైండ్ చేస్తే విజయలక్ష్మి ఇమడదు, చివరి గుడి దగ్గర పేరు తెగిపోతుంది. హల్లు, పొల్లు, హల్లు కలిసిన సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా లెక్కించే నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే ప్రమాణంలో చేరింది. అలాగే ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయవచ్చు, రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే. పాత విలువతో పోల్చి చూసే ప్లగిన్ మాత్రం మారిందనుకుంటుంది. తెలుగు అక్షరాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ్ఞ ఉన్న ఒక తెలుగు కూర్పు తెర మీద కనిపిస్తే చాలు, ఐఫోన్ యాప్‌లు మూతపడ్డాయి. యాపిల్ వెంటనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అది అక్షరాలను గీసే భాగంలోని లోపం, బైండింగ్‌లోది కాదు. కానీ పరీక్షించేవాళ్ల బల్ల మీద మన లిపి లేకపోవడం వల్లే రెండూ జరుగుతాయి.

ఇదంతా చూశాక, ఇవాళ ఎవరైనా బైండింగ్ ప్లగిన్ రాసి పదిమంది ముందు పెట్టాలనుకుంటే ఎలా అడగాలో నాకు స్పష్టంగానే ఉంది. మార్పు ఎలా తెలుసుకుంటున్నారో, పేజీని వెంటనే మారుస్తున్నారో పోగుచేసి మారుస్తున్నారో, బయటి సమాచారాన్ని స్క్రిప్టుగా నడవకుండా ఎలా ఆపుతున్నారో, పేజీలో ఒక భాగం తీసేసినప్పుడు దాని ముడులు విప్పుతున్నారో లేదో ముందు చెప్పాలి. వీటి మీదే మొదటి విమర్శ అడగాలి, ఎందుకంటే 1.0 తర్వాత వీటిని మారిస్తే వాడేవాళ్ల కోడ్ కూలుతుంది. నాలుగోదాన్ని చాలామంది మరిచిపోతారు. రోజంతా తెరిచి ఉంచే పేజీల్లో మెమరీ పెరిగిపోయి బ్రౌజర్ కుంటుపడేది దాని వల్లే. పేర్లు తర్వాత అడగవచ్చు, పాత పేరును ఉంచుతూ కొత్తది చేర్చవచ్చు. ఎలా ఉంది అని అడిగితే బాగుంది అన్న జవాబే వస్తుంది. మీ పేజీలో ఇది తెగిన చోటు చూపించండి అని అడిగితే, తక్కువ మంది పలుకుతారు, పలికినవాళ్లు పనికొచ్చేది చెబుతారు. వచ్చిన ప్రతి సూచనకూ అవును, కాదు, ఎందుకు అన్న మూడింటిలో చివరిది తప్పకుండా ఉండాలి.

చెప్పేవారికీ బాధ్యత ఉంది. ఈ ప్లగిన్లలో చాలావాటిని జీతం లేకుండా, రాత్రిపూట ఖాళీ చేసుకుని రాసేవాళ్లు ఒకరిద్దరే. పని చేయడం లేదు అన్న ఒక్క ముక్క రాసి వదిలేస్తే వాళ్ల గంటలు హరించడమే. లోపం కనిపించేంత చిన్న కోడ్, ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, ఏం జరగాలి, ఏం జరిగింది ఇవి రాస్తే సగం పని అయినట్టే. తప్పు తేల్చే పరీక్ష ఒకటి రాసి పంపితే ఇంకా మేలు.

హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ డల్లాస్‌లోనూ ఈ లైబ్రరీలతో రోజూ బతుకుతున్న తెలుగు డెవలపర్లు వేలమంది. తెలుగులో పేరు, ఊరు, ఇంటిపేరు నింపే ఫారాలు ఇప్పుడు సచివాలయాల నుంచి బ్యాంకుల దాకా ఉన్నాయి. మీరు వాడే బైండింగ్ లైబ్రరీని ఈ వారం తెరిచి, ఒక గడిలో లక్ష్మి అని, జ్ఞానేశ్వర్ అని, ఐశ్వర్య అని ఫోన్లోనూ కంప్యూటర్లోనూ కొట్టి చూడండి. తెగిన చోట చిన్న నమూనా తయారుచేసి ఆ లైబ్రరీ బాధ్యులకు రాయండి. చైనీస్ వాళ్లు రాశారు గనుకనే వాళ్ల టైపింగ్ సరిగా నడుస్తోంది.